కన్యాశుల్కమునందలి కన్నతల్లి

ఈ నడుమ గరివిడిలో మా యింట స్త్రీలమందరము గూడి, 1955వ సంవత్సరమున వెలువడిన ‘కన్యాశుల్కము’ చలనచిత్రమును జూచితిమి. సావిత్రిగారి మధురవాణిని, రామారావుగారి గిరీశమును మెచ్చుకొననివారు లేరు. మాకు మాత్రము చిత్రము ముగిసిన వెనుక గురజాడవారి నాటకమును తెరచి, అందలి వెంకమ్మ మాటలను మరల చదువ బుద్ధిపుట్టినది.

ఆమె పెద్దకూతురు బుచ్చమ్మ బాలవితంతువు. ఆ దుఃఖము కన్నులయెదుట నుండగనే భర్త అగ్నిహోత్రావధానులు చిన్నపిల్ల సుబ్బిని 1800 రూపాయలకు వృద్ధుడైన లుబ్ధావధానులకిచ్చుటకు నిశ్చయించెను. తల్లి వలదని మొరపెట్టుకొన్నను వినువారు లేరు. ఆమె నూతిలో దుమికినది! బ్రతికి బయటపడినను భర్త పట్టు సడలలేదు. తుదకు సోదరుడు కరటకశాస్త్రి మాయోపాయము పన్నవలసివచ్చెను. పుట్టినింటి అండ లేని తల్లి యేమి చేసియుండును?

ఇది కవికల్పన యని త్రోసివేయ వీలులేదు. విజయనగర మహారాజావారు పట్టిక వ్రాయింపగా, విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో ఇట్టి వివాహములు 1034 తేలినవని గురజాడవారు 1897 నాటి పీఠికలో తెలిపిరి. సొమ్ము పుచ్చుకొన్నట్లు ఒప్పుకొన్నవారి లెక్క మాత్రమే యిది. వధువులలో 99 మంది అయిదేండ్లవారు. ముగ్గురు ఏడాది పిల్లలు! మన గరివిడియు నప్పుడా జిల్లాలోనిదే.

ఆ ముగ్గురి తల్లులు ఏమనుకొనిరో యని మేము చాలసేపు మాటలాడుకొంటిమి. అప్పుడు మా అత్తగారు, తమ పెండ్లినాటికి తమకు తొమ్మిదేండ్లని తొలిసారి మాతో చెప్పిరి.