డాక్టరు దగ్గర సిగ్గెందుకు?

మా తోడికోడలు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తుంది. మోకాలు వాచింది. "కుర్చీ ఉద్యోగం కదా, అంతే" అన్నారు ఇంట్లో. "ఈమధ్య విరేచనాలుగానీ, మూత్రంలో మంటగానీ వచ్చిందా?" అనడిగాడు డాక్టరు. పక్కన మామగారున్నారు. "లేదండీ" అంది. ఇంటికొచ్చాక నాతో చెప్పింది, నెల కిందట మంట వచ్చిందని!

పేగుల్లోనో మూత్రనాళంలోనో బాక్టీరియా చేరితే, కొన్ని వారాలకి కొందరికి కీళ్లు వాస్తాయి. దీన్ని రియాక్టివ్ ఆర్థరైటిస్ అంటారు. కీలులో నీరు తీసి కల్చర్ చేస్తే సాధారణంగా ఏమీ పెరగదు. కరోనా రోజుల్లో మనందరికీ తెలిసిన పి.సి.ఆర్. పద్ధతితో మాత్రం క్లమీడియా వంటి బాక్టీరియా డి.ఎన్.ఎ. కొందరి కీళ్లలో దొరికింది. అయితే చచ్చిన బాక్టీరియాదీ దొరుకుతుంది, ఏ నొప్పీ లేనివాళ్లలోనూ ఒక్కోసారి కనబడుతుంది. ఆనవాలు ఉన్నంత మాత్రాన అదే కారణమనలేం. అందుకే ఆ పరీక్ష అందరికీ రాయరు. డాక్టరుకి ముందు కావలసింది మన మాట.

ఆ మాటే మనం దాస్తాం. క్లమీడియా భార్యాభర్తల మధ్య ఒకరినుంచి ఒకరికి సోకుతుంది. అది ఉందని తేలితే ఇద్దరూ మందు వాడాలి. ఇందులో తలవంపులేముంది? నలుగురి ముందు చెప్పలేకపోతే చీటీ మీద రాసివ్వండి. లేదా "మీతో ఒంటరిగా మాట్లాడాలి" అనండి. మా తోడికోడలు మర్నాడు అదే చేసింది.