చెప్పిన పిల్లను ఇంటికి పంపకండి



ఈసారి గోడ పత్రికకు ‘నా అభిప్రాయం’ రాయమని తెలుగు మేడం గారు నాకు చెప్పారు. ఎప్పుడూ చెట్ల గురించి, శుభ్రత గురించి రాస్తాం. నేను ఫోనులో బెదిరించే వాళ్ల గురించి రాస్తున్నాను. హాస్టల్లో మనకు ఫోన్లు లేవు కదా, మనకెందుకు అనొద్దు. సెలవులకు పోగానే అన్న ఫోనో, నాన్న ఫోనో అందరి చేతికీ వస్తుంది.

2025 ఎండాకాలం సెలవుల్లో మా పెద్దమ్మ కూతురికి ఇది జరిగింది. అక్కకు 17 ఏళ్లు. ఇన్‌స్టాగ్రాంలో ఆడపిల్ల పేరుతో ఒకడు స్నేహం చేశాడు. అక్క పంపింది మామూలు ఫోటోయే, జాతరకు లంగా వోణీ వేసుకున్నది. వాడు ఆ ముఖాన్ని వేరే ఒంటికి అతికించి, 5,000 పంపు, లేకపోతే మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతా అన్నాడు. మిరపకాయలు కోసిన కూలి డబ్బులోంచి అక్క 2,000 ఫోన్‌పే చేసింది. తెల్లారి వాడు ఇంకో 4,000 అడిగాడు. అప్పుడు భయపడి మెసేజులన్నీ చెరిపేసి, సిమ్ము తీసి బియ్యం కుండలో దాచింది.

తునికాకు కట్టలు కడుతూ నాకు చెప్పింది. పెదనాన్నకు చెబుదాం అన్నాను. “చెప్తే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారే” అంది. వాడు మన గూడెం ఎప్పుడూ చూడలేదు కానీ ఈ భయం ఉంటుందని వాడికి బాగా తెలుసు.

చివరికి పెద్దమ్మకు చెప్పాం. తిట్టింది, ఏడ్చింది, తర్వాత మాతో స్టేషనుకు వచ్చింది. అక్కడ ఒకాయన ముందుగా అడిగింది “ఫోటో ఎందుకు పంపావమ్మా” అని. ఇంట్లో దొంగలు పడ్డారంటే, నీకు ఇల్లెందుకు అని అడుగుతారా? ఫిర్యాదు తీసుకోకుండానే పంపేశాడు. అప్పుడు నాకు న్యాయ విజ్ఞాన సదస్సులో లాయరు మేడం రాయించిన నంబరు గుర్తొచ్చింది, 15100. సిగ్నలు కోసం గుట్ట ఎక్కి చేశాం. అక్కకు లాయరును ఇచ్చారు, పైసా తీసుకోలేదు. 1987 నాటి చట్టం ప్రకారం గిరిజనులకు, ఆడవాళ్లకు, పిల్లలకు లాయరు ఉచితం. అంటే మనం మూడు రకాలుగా అర్హులం! ఆదాయం సర్టిఫికెట్ కోసం మీ సేవ చుట్టూ తిరగనక్కర్లేదు.

మెసేజులు చెరపడం పెద్ద పొరపాటు అని లాయరు గారు చెప్పారు. బెదిరించిన మాటలు, వాడి పేరు, నంబరు, తేదీ అన్నీ అట్లాగే ఉంచాలి. ఆ పాడు బొమ్మను మాత్రం స్నేహితురాలికి కూడా పంపకూడదు, పంపితే మనదీ తప్పే అవుతుంది. అక్క అదృష్టం, ఫోన్‌పేలో డబ్బు పంపిన 12 అంకెల నంబరు మిగిలింది. ఇప్పుడు పోలీసులు ఆ తీగే లాగుతున్నారు. డబ్బు పోయిన వెంటనే 1930కి చేసి ఉంటే, వాడు తీసుకోకముందే బ్యాంకులో ఆపే వీలుండేది. మాకు అప్పుడు తెలియదు. కేసు ఇంకా నడుస్తోంది, 2,000 రాలేదు. ఫోటో మాత్రం గ్రూపులో రాలేదు.

బెదిరించేవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మన దగ్గరి స్టేషనులోనే ఫిర్యాదు తీసుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. 18 లోపు పిల్లలకు 2012 పోక్సో చట్టం ఉంది. ముఖం అతికించిన బొమ్మలకు కూడా అది వర్తిస్తుంది. ఆ చట్టంలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, మన మాట రాసుకోవడానికి పోలీసులే మన ఇంటికి గాని, మనం చెప్పిన చోటుకి గాని రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. వీలైనంతవరకు ఆడ ఎస్.ఐ. గారే రావాలి. మన పేరు పేపర్లో వేయకూడదు.

వార్డెన్ మేడం గారూ, ఈ మాట మీకు. పోక్సో నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పని పెద్దవాళ్లకు ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా ఉంది. పిల్లలకు ఆ శిక్ష లేదు. నేను మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు. కానీ మన దగ్గర ఏదైనా జరిగితే ముందు “మీ నాన్నను పిలిపించు” అంటారు. ఆ మాట వింటే ఏ పిల్లా నోరు విప్పదు. చెప్పిన పిల్లకు టి.సి. ఇవ్వం, చదువు ఆపం అని ఒక్కసారి ప్రేయర్‌లో అందరి ముందు చెప్పండి. ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలో తర్వాత కలిసి ఆలోచిద్దాం. మీకు చెప్పడానికి సిగ్గుపడే పిల్లలు 1098కి అయినా చేస్తారు, అందుకు ఆదివారం ఆఫీసు ఫోను అయిదు నిమిషాలు ఎందుకని అడక్కుండా ఇవ్వండి.

వంటగది దగ్గర మెనూ బోర్డు కింద ఖాళీ ఉంది. అక్కడ 1930, 1098, 15100 రాయడానికి పర్మిషన్ ఇస్తారా? రంగు, బ్రష్షు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని