చలిదేశమున తాలింఖానా

ఎ.ఎస్. రావు నగర్ అను పేరులో ఒక ప్రయాణమును, ఒక పునరాగమనమును ఇమిడి యున్నవి. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చదివి, స్వదేశమునకు మరలివచ్చి, 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు రూపమిచ్చిరి. ఆ సంస్థ ఉద్యోగుల కొరకు వెలసిన కాలనీయే నేడింత పెద్ద పేట అయినది. పరదేశమునకు పోయి చదువుట ఈ పేటకు పుట్టుకతో వచ్చిన విద్య యనవచ్చును.

నేటి పిల్లలలో పలువురు జర్మనీ వైపు చూచుచున్నారు. అచటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పెక్కింట బోధనరుసుము లేదు. 2023-24లో ఆ దేశమున సుమారు 49 వేలమంది భారత విద్యార్థులుండిరి. పరదేశ విద్యార్థులలో మనవారిదే పెద్ద సంఖ్య. మ్యూనిక్‌లో గది అద్దె భరింపలేమనుకొన్నవారు తూర్పుననున్న కెమ్నిట్స్ వంటి పట్టణములను ఎన్నుకొందురు. 1953 నుండి 1990 వరకు కార్ల్ మార్క్స్ పేరు ధరించిన పట్టణమది. రెండు జర్మనీలు ఏకమైన పిదప కర్మాగారములు మూతపడెను, జనము పశ్చిమమునకు తరలిపోయెను, ఇండ్లు మిగిలెను. అద్దె చౌక యగుటకు ఇదియే కారణము. చౌక పట్టణమున గది సులువుగా దొరకును. మనుష్యులు అంత సులువుగా దొరకరు.

ఇక చలి సంగతి. చలికంటె చీకటి కఠినమైనది. హైదరాబాదు 17వ అక్షాంశము చెంతనున్నది; కెమ్నిట్స్ 51వ అక్షాంశము చెంతనున్నది. డిసెంబరు చివరి దినములలో అక్కడ పగలు సుమారు ఎనిమిది గంటలు మాత్రమే. మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సైతము 16 డిగ్రీల ఎత్తునకే వచ్చి దిగిపోవును. అంత ఏటవాలు ఎండలో చర్మము డి విటమినును తయారుచేయజాలదు. సాయంకాలము నాలుగు దాటగానే దీపములు వెలిగింపవలెను. మన పిల్లవాడు తరగతి ముగియగానే గదికి చేరును, చారు కాచుకొనును, అమ్మతో ఫోనులో మాటలాడి పండుకొనును. గదిలో మరి ముగ్గురు తెలుగువారుండుట సుఖమే. కాని ఇట్లు నాలుగు నెలలు గడచినచో, అతడు కుషాయిగూడను విడిచినాడేగాని కెమ్నిట్స్ చేరలేదని చెప్పవలెను.

ఇట్టి స్థితిలో వ్యాయామశాలను వెదకికొనుట విలాసమని నేననుకొనను. తల్లిదండ్రుల ఆక్షేపణ నేనెరుగుదును. 2024లో ఏర్పరచిన లెక్క ప్రకారము విద్యార్థి ఏడాది ఖర్చునకు 11,904 యూరోలు ముందుగా బ్యాంకులో చూపవలెను. అనగా నెలకు 992. అందులో కండలకు కూడ ఖర్చా యని వారందురు. న్యాయమైన ప్రశ్న. కావుననే ఏ వ్యాయామశాల యను విచారణ అవసరము.

ఒకటి, యంత్రములు గల వ్యాపారశాల. అందు సంతకము చేయుటకు ముందు ఒప్పందమును చదువవలెను. ఏడాది, రెండేండ్ల గడువులు అక్కడ సామాన్యము. పూర్వము సకాలమున నోటీసు ఇయ్యకున్నచో మరియొక ఏడాది తనంతట తగులుకొనెడిది. 2022 మార్చి 1 మొదలుకొని జరిగిన ఒప్పందములలో, మొదటి గడువు తీరిన పిమ్మట ఒక నెల నోటీసుతో విముక్తి కలదు. మొదటి గడువు మాత్రము బంధమే. అంతకంటె పెద్ద లోపము మరియొకటి. అక్కడ ఎవరి అద్దము వారిది, ఎవరి చెవులలో పాట వారిది. ఏడాది పోయి వచ్చినను ఒక్కరి పేరైనను తెలియకపోవచ్చును.

రెండవది, విశ్వవిద్యాలయపు క్రీడాకేంద్రము. మూడవది, ఊరి క్రీడాసంఘము. వీనికి ఖర్చు తక్కువ, ఫలము ఎక్కువ. 1811లో ఫ్రీడ్రిఖ్ లూద్విగ్ యాన్ బెర్లిన్ నగరపు హాజెన్‌హైడ్ మైదానమున ఆరుబయట వ్యాయామస్థలమును తెరచెను. నేడు జర్మనీలో 86 వేలకు పైగా క్రీడాసంఘములున్నవి. మనకిది వింత కారాదు. కోడి రామ్మూర్తిగారు విజయనగరమున యువకులకు వ్యాయామము నేర్పిన కాలమున, మన ఊళ్ల తాలింఖానాలు ఇట్టివే గదా! గురువు, తోటివాండ్రు, చెమట, నవ్వు. కండ దానంతట వచ్చెడిది. వ్యాకరణపుస్తకము నేర్పలేని జర్మను భాషను సంఘము నేర్పును. బస్కీలు తీయుచు ఐన్స్, ట్స్వై, ద్రై అని లెక్కించినవాడు అంకెలను మరువడు. బంతి అందింపుమని కేకవేయుటకు వ్యాకరణము అక్కరలేదు.

పరదేశీయులను అందరు ఆదరింతురా యని అడుగవచ్చును. ఆ భయము వట్టిది కాదు. 2018 ఆగస్టు చివర కెమ్నిట్స్‌లోనే పరదేశీయులకు ఎదురుగా అల్లర్లు జరిగినవి. అట్టి ద్వేషమును తొలగించుట మన పిల్లల బాధ్యత కాదు. అది ఆ దేశపు ప్రజల బాధ్యత. కాని వారమునకు రెండుమార్లు తనతో బంతియాడు పదిమంది గలవానికి, ఆపద వేళ తలుపు తట్టుటకు పది ఇండ్లుండును. నాలుగు గోడల నడుమ దాగినవానికి ఒక్కటియు నుండదు. నలుగురితో నారాయణ యన్న సామెతను మనము నవ్వులాటకు వాడుదుము. చలిదేశమున అది ప్రాణరక్షణ.

ఉపాధ్యాయమిత్రులకు ఒక విన్నపము. ఈ అలవాటు విమానమెక్కిన తరువాత అబ్బునది కాదు. ఆడుకొనుటకు ఆవరణ లేని మేడలలో బడులు నడచుచున్నవి. ఉన్నచోట సైతము పదవ తరగతి రాగానే ఆటల గంటను లెక్కలకు ధారపోయుదుము. పదేండ్లు బెంచీపై కూర్చుండబెట్టిన పిల్లవానిని ఇరువది రెండవ ఏట మంచులోనికి పంపి, ఒంటరితనమునకు జడియవద్దనుట ఏమి న్యాయము?

విద్యార్థులారా! పెట్టెలో ఆవకాయతోపాటు ఒక జత ఆటబూట్లు పెట్టుకొనుడు. దిగిన మొదటి వారముననే, మంచు పడకమునుపే, ఊరి సంఘము తలుపు తట్టుడు. సాంబశివరావుగారి వలె మరలి వచ్చినను, అచటనే నిలిచినను, ఉన్నన్నాళ్లు ఆ ఊరిలో బ్రతుకుడు.