ఎడారిలో ‘క్యాంపు’

ఐటీ ఆఫీసుల్లో డిసెంబర్ చివరి రెండు వారాలంటే కోడ్ ఫ్రీజ్. కొత్తగా ఏదీ రిలీజ్ చెయ్యరు, మిగిలిన లీవులు వాడేసుకోమంటారు. అప్పటిదాకా నిద్రపోతున్న వాట్సాప్ గ్రూపులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. గోవా అందరూ చూసేశారు. లంబసింగిలో కారు పెట్టడానికే చోటుండదు. అందుకే ఈ మధ్య చాలామంది వేలు మ్యాప్‌లో జైసల్మేర్ మీద ఆగుతోంది. మీదీ అక్కడే ఆగిందా? అయితే ఈ వారం ముచ్చట మీకే. పోయిన శీతాకాలం మా ఇంజినీరింగ్ బ్యాచ్ నలుగురం థార్ ఎడారిలో రెండు రాత్రులు ఉండొచ్చాం.

దారి సులువే. విమానంలో జోధ్‌పుర్, అక్కణ్నుంచి దాదాపు 280 కిలోమీటర్ల రోడ్డు. జైసల్మేర్ చేరాకే అసలు ప్రశ్న: ఎక్కడ పడుకోవాలి? పడమరకు 40 కిలోమీటర్లు వెళ్తే సమ్. వరసగా గుడారాల రిసార్టులు, డీజేలు, ఇసుక దిబ్బల మీద జీపుల గంతులు. నైరుతి దిక్కున ఇంకాస్త దూరంలో ఖూరీ. చిన్న ఊరు, జనం తక్కువ, చప్పుడూ తక్కువే. మాలో ఇద్దరు డీజే పార్టీ, ఇద్దరు నిద్ర పార్టీ. ఓట్లు సమానం. చివరికి ఒక రాత్రి అక్కడ, ఒక రాత్రి ఇక్కడ అని రాజీ కుదిరింది.

సమ్‌లో గుర్తుండిపోయింది డీజే కాదు, దానికి ముందు గంటసేపు పాడిన మంగణియార్ గాయకులు. వీళ్లు ముస్లింలు. తరతరాలుగా తమను పోషించే హిందూ కుటుంబాల ఇళ్లలో పెళ్లికీ, పుట్టుకకీ పాడటం వీళ్ల ఆనవాయితీ. కమాయచా అని కమానుతో వాయించే వాద్యం, చేతిలో టకటకలాడే ఖడతాల్ చెక్కలు, పైకి లేచే గొంతు. వీళ్లలో ఒకరైన అన్వర్ ఖాన్‌కి 2020లో పద్మశ్రీ వచ్చింది. మా వెనక కూర్చున్నాయన మాత్రం రెండో పాటకే ‘డీజే ఎప్పుడు?’ అని అడిగాడు. తొమ్మిదింటికి మొదలైంది. మూడు క్యాంపుల డీజేలు ఒకేసారి మోగుతుంటే హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనానికి వెళ్లినట్టే ఉంది.

ఖూరీలో గుడారం కూడా లేదు. గంటన్నర ఒంటె మీద ఊగుకుంటూ వెళ్లాక ఇసుక మీదే పరుపులు వేశారు, ఒక్కొక్కరికి రెండు రజాయిలు ఇచ్చారు. పగలు టీషర్టు సరిపోయింది. రాత్రయ్యేసరికి మంకీ క్యాప్ కూడా చాల్లేదు. ఇసుకలో పైపొర మాత్రమే వేడెక్కుతుంది, ఎండ పోగానే ఆ వేడిని వదిలేస్తుంది. గాల్లో తేమ లేదు, పైన మబ్బు లేదు. ఇక వేడిని పట్టి ఉంచేదెవరు? అందుకే డిసెంబర్, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల కంటే కిందికి పడిపోవడం అక్కడ మామూలే.

వంటకి మంట వెయ్యబోతూ ఒంటె తోలే పెద్దాయన దూరంగా ఉన్న చెట్టు చూపించి ‘ఖేజ్రీ’ అన్నాడు. దగ్గరికెళ్లి చూస్తే మన జమ్మి! దసరాకి మనం ఆకులు తెంపి ‘బంగారం’ అని పంచుకుంటామే, అదే. తెలంగాణకీ రాజస్థాన్‌కీ రాష్ట్ర వృక్షం ఒక్కటేనని ఎప్పుడో పరీక్షల కోసం చదివాం గానీ, అక్కడ దాని కాయలతో కూర వండుకుంటారని కంచంలోకి వచ్చాకే తెలిసింది. కేర్ సాంగ్రీలో సాంగ్రీ అంటే జమ్మికాయే. ఇదే చెట్టును నరకనివ్వకుండా 1730లో జోధ్‌పుర్ దగ్గర ఖేజర్లీలో 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. జొన్నరొట్టెకి అలవాటైన మాకు సజ్జరొట్టెతో ఆ కూర బాగానే కుదిరింది.

తిన్నాక పెద్దాయన గిన్నెలు ముందు ఇసుకతో తోమి, తర్వాత చెంబుడు నీళ్లతో కడిగాడు. మొత్తం గిన్నెలకి ఒక్క చెంబే. జైసల్మేర్‌లో ఏడాదికి సగటున దాదాపు 200 మిల్లీమీటర్ల వానే పడుతుంది. హైదరాబాద్‌లో దాదాపు 800. పడిన కాస్త వాననే పల్లంలో మట్టికట్ట కట్టి ఆపి, అది ఇంకాక ఆ తడి మీద గోధుమ, సెనగ పండించే పద్ధతి అక్కడుంది. ఖడీన్ అంటారు. ఎడారి ఖాళీ అని మనం అనుకుంటాం గానీ, అక్కడ ప్రతి చెంబుకీ లెక్కుంది.

ఆ రాత్రి దిబ్బ ఎక్కితేనే సిగ్నల్. మా జగిత్యాల మిత్రుడు వాళ్ల నాన్నకి వీడియో కాల్ చేశాడు. ‘ఎక్కడున్నవ్‌రా’ అంటే ‘ఎడారిల క్యాంపుకొచ్చినం బాపూ’ అన్నాడు. అవతల్నుంచి వచ్చిన మొదటి ప్రశ్న: “క్యాంపుల రూముకు ఎంతమంది ఉన్నర్రా?”

మేం నవ్వాం. వాడు నవ్వలేదు.

వాళ్ల నాన్న దుబాయ్‌లో పద్నాలుగేళ్లు సెంట్రింగ్ పని చేశారు. ఆయనకి క్యాంపు అంటే లేబర్ క్యాంపు: ఒక గది, అంతస్తుల మంచాలు, ఎనిమిది మంది, వంటగది ముందు లైను. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. మిగతా వేళల ఎండ మిగతా వేళలదే. మా ఫీజు ఆయన పంపిన డబ్బుతోనే అని వాడు కాలేజీలో ఒక్కసారి అన్నట్టు గుర్తు. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

వాడు ఫోన్ ఆకాశం వైపు తిప్పాడు. స్క్రీన్ మీద నల్లగా తప్ప ఏం కనిపించదని వాడికీ తెలుసు. ‘సుక్కలు మస్తున్నయ్ బాపూ. గొల్లకావడి, పిల్లలకోడి అన్నీ కనవడ్తున్నయ్.’

“మాకు సుక్కలు సూసే టైమెక్కడిదిరా? పొద్దుగాల నాలుగ్గొట్టంగనే బస్సెక్కేది, రాత్రి వచ్చి పడేది” అన్నారాయన. బాధతో కాదు, మామూలుగానే.

‘వచ్చే యేడు నిన్ను తీస్కొస్త’ అన్నాడు వీడు. ఆయన కాసేపు ఆగి, “ఆడ మంచం ఏస్తరా? గీ వయసుల నన్ను ఇసుకల పండవెడ్తవా?” అన్నారు. అప్పుడు మాత్రం అందరం నవ్వాం, ఆయనతో సహా.

ఇక మీరు వెళ్లాలనుకుంటే: నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. బుక్ చేసే ముందు డీజే ఉంటుందా అని తప్పకుండా అడగండి. మీకు కావాలన్నా అడగండి, వద్దన్నా అడగండి. ఉన్ని బట్టలు, పవర్ బ్యాంకు మర్చిపోవద్దు. పాటగాళ్లకిచ్చే డబ్బు నేరుగా వాళ్ల చేతికే ఇవ్వండి. జీపు గంతులు మానేస్తే మంచిది. మన రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పక్షికి దేశంలో మిగిలిన పెద్ద దిక్కు ఈ జైసల్మేర్ ప్రాంతమే. అది నేల మీదే గుడ్డు పెడుతుంది. మీ ప్లాస్టిక్ సీసాలు మీతోనే తెచ్చుకోండి.

ఇంకొక్కటి. ఎడారి గురించి యూట్యూబ్‌లో వెతికే ముందు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారేమో చూడండి. ఉంటే ఓ సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చోండి. చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంటుంది. మా మిత్రుడు ఇప్పుడు మంచాలు వేసే క్యాంపు వెతుకుతున్నాడు. మీకు తెలిస్తే చెప్పండి.