వీపు పుండ్లకు జవాబు చెప్పేదెవరు?

పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషికి వీపు మీద పుండు లేస్తే మన ఊళ్లల్ల రెండు మాటలే వినబడతయి. ఒకటి 'ఖర్మ'. రెండోది 'కోడలు సరిగ చూస్తలేదు'. దవాఖానను అడిగేటోడు మాత్రం ఒక్కడుండడు.

మా నాయనను పదకొండో రోజు ఇంటికి పంపిన్రు. చీటీల ఆరు గోలీల పేర్లున్నయి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని ఒక్క ముక్క రాయలే. నడుము కింద మచ్చ కనబడితే చెమటకాయలనుకొని మా అమ్మ పౌడర్ చల్లింది. డిగ్రీ చదివిన నేనూ అట్లనే అనుకున్న. వారం తిరిగేసరికి వేలు పట్టేంత గుంత. చెప్పాల్సినోళ్లు చెప్పకుంటే తప్పు మాదెట్లయితది?

ఎముకకు, పరుపుకు నడుమ నలిగిన చోట రక్తం అందదు. గంటల్లోనే కండ చావడం మొదలైతది. నడుము కింద, తుంట్లు, మడమలు, తల వెనక, ఎముక పైకి తేలిన ప్రతి చోటా ఇదే. పుస్తకాల్ల 'ఎర్రబడుతుంది' అని రాస్తరు. తెల్లతోలును చూసి రాసిన మాట అది. మన నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగ కనబడదు. చెయ్యి పెట్టి చూడాలె. చుట్టుపక్కల కంటె వేడిగనో, గట్టిగనో, మరీ మెత్తగనో తగిలితే పుండు మొదలైనట్టే.

ఖర్మ అనేటోళ్లు ఇది వినాలె. వెన్నుపూస విరిగిన సైనికులు ఈ పుండ్లతోటి, మూత్రంల చీముతోటి చచ్చిపోవుడు ఒకప్పుడు మామూలు. 1944ల ఇంగ్లండుల స్టోక్ మాండెవిల్ దవాఖానకు వచ్చిన డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్, రాత్రీ పగలూ రెండు గంటలకోసారి రోగిని తిప్పాల్సిందేనని పట్టుబట్టిండు. బతకరనుకున్నోళ్లు చక్రాల కుర్చీలల్ల కూసొని ఆటలాడిన్రు. పారాలింపిక్స్ పుట్టింది అక్కడి నుంచే. తిప్పే పనికి కావలసింది మనుషుల చేతులు. మన వార్డులల్ల లేనిది అదే. నర్సమ్మను తిట్టి లాభం లేదు, ఒక్కామె ఎంతమందిని తిప్పుతది?

ఇంట్ల ఉన్నోళ్లు మనిషిని ఈడ్వొద్దు, ఎత్తి జరపాలె. తుంటి మీదనే బరువు పడకుండ వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాల్చాలె. పిక్కల కింద దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు. తడి బట్ట వెంటనే మార్చాలె. మచ్చను రుద్దొద్దు. రబ్బరు రింగు అసలే పెట్టొద్దు, అది అంచుల కాడ రక్తాన్ని ఆపుతది. పుండు పడితే సెలైన్‌తోటి కడిగి శుభ్రమైన కట్టు కట్టాలె. పసుపు, స్పిరిటు బంద్ చెయ్యాలె. డాక్టరు వద్దనకుంటే గుడ్డు, పప్పు రోజూ పెట్టాలె. కండ నల్లబడ్డా, వాసనొచ్చినా, జ్వరమొచ్చినా దవాఖానకే తీస్కపోవాలె.

మేం అడిగేది అద్దాల మేడ కాదు. పంపేముందు పావుగంట తిప్పి చూపించి చీటీల రాయాలె. మండల దవాఖానల గాలి పరుపులు ఉంచి, అవసరమున్న ఇంటికి వాడుకోనియ్యాలె. కేరళ 2008లనే పాలియేటివ్ విధానం తెచ్చి నర్సును రోగి గడప దాక పంపింది. ఇక వార్డుల పడుకున్న రోగికి పుండు పడితే, ఎన్నడు పడ్డదో, అంతకు ముందు ఎన్నిసార్లు తిప్పిన్రో పెద్ద డాక్టరు సంతకంతోటి కేసుషీట్ల ఎక్కాలె.