గజం ధర లేచింది, ఎవరికి?

తుళ్లూరు, మందడం దారుల్లో రియల్ ఎస్టేట్ ఆఫీసుల షట్టర్లు మళ్లీ లేచాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాటతో చతికిలబడ్డ ప్లాట్ల బేరాలు 2024 జూన్ తర్వాత కదిలాయి. 2025 మేలో ప్రధాని వచ్చి పనులు తిరిగి ప్రారంభించాక ఊపందుకున్నాయి. అమరావతికి కళ వచ్చిందంటున్నారు.

ఆ కళ ఎవరి గుమ్మం దాకా వచ్చింది? భూసమీకరణలో మెట్ట పట్టా ఎకరాకు 1000 గజాల నివాస స్థలం ఇస్తామన్నారు. పక్క గట్టునే ఉన్న అసైన్డ్ ఎకరాకు 800. వాణిజ్య స్థలంలోనూ కోతే. ఈ అసైన్డ్, లంక భూముల్లో సాగు చేసినవాళ్లలో ఎక్కువమంది దళితులు. 1977 చట్టం ప్రకారం అప్పట్లో ఆ భూములు అమ్మకూడదు, కొనకూడదు. అయినా, ప్రభుత్వం ఊరికే లాక్కుంటుందని భయపెట్టి కారుచౌకగా రాయించుకున్నారన్న ఆరోపణలపై 2021లో సీఐడీ కేసు పెట్టింది; హైకోర్టు స్టే ఇచ్చింది. కేసు సంగతి ఎలా ఉన్నా, అప్పుడు అమ్ముకున్నవాళ్లకు ఇప్పటి ధరలో గజం వాటా కూడా లేదు.

అమ్మకుండా నిలబడ్డవాళ్లకేం ఒరిగింది? ప్లాటు పత్రంలో 'అసైన్డ్' అన్న ఒక్క మాట చూసి కొనేవాళ్లు ధర తెగ్గోశారు. ఆ మాట తీసేయాలని సర్కారుకు 2025లో గానీ తోచలేదు. పదేళ్లు!

ఇక భూమే లేని కూలీలు. పొలం పనులు పోయాక దక్కింది మొదట నెలకు 2500 పింఛను, తర్వాత 5000. 2023లో ఆర్-5 జోన్‌లో పేదలకు సెంటు స్థలాలు పంచితే, ఇళ్ల నిర్మాణాన్ని అదే ఏడు హైకోర్టు ఆపింది. రాజధాని గ్రామాలకు వెళ్లే విద్యార్థి మిత్రులు ధరల బోర్డులతో పాటు వీళ్ల దగ్గరా ఆగండి. ఇంటద్దె ఎంత కడుతున్నారో, పని ఎక్కడ దొరుకుతోందో అడిగి రాసుకు రండి.