గది అడిగేవాళ్ల భాషలో జవాబేదీ?

"స్మార్ట్‌ఫోన్ వాడేవాళ్లకి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చండీ." హైదరాబాద్‌లో హోటల్ యజమానుల దగ్గర, వాళ్లకు ఆన్‌లైన్ ప్రచారం చేసిపెట్టే ఏజెన్సీల దగ్గర ఈ మాట విని విని విసిగిపోయాను. ఈ మాట తప్పు. పైగా దీనివల్ల చేతికందే బేరం పోతోంది.

లక్డీకాపూల్ సంగతే తీసుకోండి. దగ్గర్లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి, ఇంకాస్త ముందుకెళ్తే పంజాగుట్టలో నిమ్స్. ఆదిలాబాద్, నల్లగొండల నుంచే కాదు, నాందేడ్, బీదర్‌ల నుంచి కూడా రోగుల్ని వెంటబెట్టుకుని వస్తారు. ఆస్పత్రికి నడిచి వెళ్లగలమా? లిఫ్టు ఉందా? తెల్లవారుజామున వేడినీళ్లు వస్తాయా? చెకౌట్ ఇరవైనాలుగు గంటలకా, మధ్యాహ్నం పన్నెండుకే ఖాళీ చేయాలా? రోగికి కాస్త జావ కాచుకోనిస్తారా? ఈ ప్రశ్నలు తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో, కన్నడలో పుడతాయి. హోటల్ పేజీ తెరిస్తే మాత్రం ఇంగ్లీషులో లగ్జరీ గురించి నాలుగు పేరాలు. ఒక్క ప్రశ్నకూ జవాబుండదు. స్టేషన్‌లో దిగి ఆటో అతన్ని అడుగుతారు. అతను తనకు కమీషన్ ఇచ్చే లాడ్జికే తీసుకెళ్తాడు. యాప్‌లో బుక్ చేసుకున్నా యజమానికి పదిహేను నుంచి పాతిక శాతం దాకా కోత. తన గది గురించి తానే నేరుగా చెప్పుకోనందుకు కట్టే సుంకం ఇది.

గూగుల్, కేపీఎంజీ కలిసి 2017లో వేసిన లెక్కలో, 2016 నాటికే భారతీయ భాషల్లో ఇంటర్నెట్ వాడేవాళ్లు 23.4 కోట్లు, ఇంగ్లీషులో వాడేవాళ్లు 17.5 కోట్లు. ఆ 2017లోనే గూగుల్ వాయిస్ సెర్చ్‌లోకి తెలుగు వచ్చింది. టైపు చేయడం రాని పెద్దామె కూడా ఇవాళ ఫోన్‌తో మాట్లాడి వెతుక్కుంటోంది. ఆమెకు చూపించడానికి మన దగ్గర తెలుగు పేజీ లేదు.

"మిషనే అనువాదం చేసేస్తుందిగా" అంటారు. ఉచిత టిఫిన్ అనాల్సిన చోట 'అభినందన అల్పాహారం' అని కనిపిస్తే ఎవరికి అర్థమవుతుంది? అసలు డబ్బు కట్టాలో లేదో తేల్చుకోలేని మనిషి ఆ గది తీసుకోడు.

అలాగని తెలుగొక్కటి పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. ఉర్దూ ఈ ఊరి భాష. 2017లో తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష కూడా అయింది. కాచిగూడ చుట్టుపక్కల లాడ్జిలకైతే మరాఠీ కూడా కావాలి. ఇదంతా భాషాభిమానం కొద్దీ చెప్పడం లేదు. జబ్బు మనిషితో తెలియని ఊరికి వచ్చేవాళ్లకు ముందే ధైర్యం చెప్పడం ఆతిథ్యంలో మొదటి పని.

దీనికి లక్షలు పోసి ఏజెన్సీని పెట్టుకోనక్కర్లేదు. మీ కౌంటర్లో కూర్చునే కుర్రాడు రోజూ మూడు నాలుగు భాషల్లో ఫోన్లెత్తుతూనే ఉన్నాడు. జనం పదే పదే ఏం అడుగుతారో అతనికి తెలుసు. ఏ మాటల్లో చెప్తే అర్థమవుతుందో కూడా తెలుసు. అతను చెప్పే జవాబులు ఓ పది, అతని మాటల్లోనే రాసి పేజీలో పెట్టండి. కింద అతను ఎత్తే ఫోన్ నంబరు వేయండి.